బెంగళూరు కె.ఆర్. మార్కెట్ పూలు: ఏ వేళకు వెళ్ళాలి, ఎలా కొనాలి, బస్సులో వాడకుండా ఎలా తేవాలి?

పెన్నేటి_గట్టు అడిగారు:

అందరికీ నమస్కారం. వచ్చే నెల ఒక శుక్రవారం బెంగళూరు వస్తున్నాం. నలుగురం, అందులో ఒకరు మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ. అనంతపురం నుంచి రాత్రి బస్సు, తెల్లవారుజామున నాలుగున్నరకు మెజెస్టిక్‌లో దిగుతాం. తిరుగు బస్సు మధ్యాహ్నం 2కి, ఏసీది.

కె.ఆర్. మార్కెట్ పూల బజారు చూడాలి, ఫోటోలు తీసుకోవాలి. శనివారం ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఉంది కాబట్టి గుమ్మానికి బంతిపూలు, ఆడవాళ్ళకు మల్లెపూలు అక్కడే కొనుక్కుని రావాలని ఆలోచన. దిగగానే వెళ్ళిపోవచ్చా, తెల్లారాక వెళ్ళాలా? మెట్లు ఎక్కువా? మూరలెక్కన కొనాలా, కిలోలెక్కనా? కన్నడం రాదు. దగ్గర్లో టిప్పు సుల్తాన్ భవనం ఉందంటున్నారు, అదీ కలుపుకోవచ్చా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

చిక్కపేట_సందు:

దిగగానే ఆటో ఎక్కకండి. హోల్‌సేల్ బేరాలు చీకటితోనే మొదలవుతాయన్నది నిజమే. కాకపోతే ఆ వేళ అక్కడ రాజ్యం టెంపోలది, నెత్తిన మూటలతో పరుగెత్తే హమాలీలది. పెద్దావిడను వెంటబెట్టుకుని ఆగడానికి అడుగు చోటు ఉండదు. చూడటానికి వచ్చేవాళ్ళకు బాగుండేది 6 నుంచి ఎనిమిదిన్నర దాకా. రాశులు ఇంకా నిండుగా ఉంటాయి, మోత సగానికి తగ్గుతుంది, పైనుంచి వెలుతురు దిగుతుంది. 10 దాటాక పూలు ఉంటాయి కానీ మీరు చూడాలనుకున్న సందడి ఉండదు.

మెజెస్టిక్‌లో మొహం కడుక్కుని, కాఫీ తాగి, మెట్రో ఎక్కండి. ఆకుపచ్చ లైను, సిల్క్ ఇన్‌స్టిట్యూట్ వైపు వెళ్ళే బండి. చిక్కపేట తరవాతి స్టేషనే కె.ఆర్. మార్కెట్, అంటే మెజెస్టిక్ నుంచి రెండోది. మామూలు రోజుల్లో మెట్రో 5 గంటలకల్లా మొదలవుతుంది. స్టేషన్‌లో లిఫ్టు ఉంది, పెద్దావిడకు పైకి రావడం కష్టం కాదు. బయటికొచ్చాక మార్కెట్ దాకా మామూలు నడకలో ఆరేడు నిమిషాలు, ఆవిడతో అయితే పావుగంట వేసుకోండి. దూరం తక్కువే, రోడ్డు దాటడమే కష్టం. ఫ్లైఓవర్ కింద బస్సులు, ఆటోలు, తోపుడుబళ్ళు అన్నీ ఒకేచోట తిరుగుతుంటాయి. పదిమంది ఒకేసారి దాటేటప్పుడు వాళ్ళతో కలిసి దాటండి. సొంత కారులో వచ్చేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, కారును ఇంటి దగ్గరే వదిలేయండి.

ఊళ్ళోవాళ్ళు దీన్ని 'సిటీ మార్కెట్' అనే అంటారు. 1928లో ఏర్పడింది, మైసూరు మహారాజు కృష్ణరాజ ఒడెయరు పేరు పెట్టారు. కోటకూ పాత పేటకూ నడుమ ఉన్న చోటు ఇది. శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చి 1905లో బెంగళూరు వీధి దీపాలు వెలిగించినప్పుడు ముందుగా వెలిగిన వీధుల్లో ఈ చుట్టుపక్కలవీ ఉన్నాయి.

కట్టడం సంగతి తెలిస్తే తిరగడం సులువు. ముందూ వెనకా పాత రాతి భవనాలు, వాటి నడుమ తరవాతి కాలంలో కట్టిన మూడంతస్తుల భవనం. దాని మధ్య భాగం బావిలా ఖాళీగా ఉంటుంది, ఆ బావి అడుగునే పూలు. చుట్టూ పై అంతస్తుల్లో నడవాలు. అక్కడి పనిముట్ల కొట్లు పొద్దున్నే తెరవరు కాబట్టి నడవా ఖాళీగా దొరుకుతుంది. అందుకని ముందు ఒక అంతస్తు ఎక్కి పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూడండి. పసుపు బంతి ఎటు, చేమంతి ఎటు, గులాబీలు ఎటు, ఏ దారిలో మూటలు వస్తున్నాయి, అన్నీ అయిదు నిమిషాల్లో అర్థమవుతాయి. ఆ తరవాత కిందికి దిగండి. ముందే కిందికి దిగినవాళ్ళకు ఎదురుగా మూడు గోనెసంచులు, ఒక వీపు తప్ప ఏమీ కనపడవు.

పెద్దావిడకు ఆ ఒక్క అంతస్తు మెట్లు చాలు. లిఫ్టు మీద ఆశ పెట్టుకోవద్దు. మెట్ల మధ్యలో మాత్రం ఆగొద్దని చెప్పండి, హమాలీలు అవే మెట్లు వాడతారు. వెనక నుంచి 'సైడ్, సైడ్' అని వినపడితే తిరిగి చూడకుండా గోడ వైపు జరగాలి. నెత్తిన అంత బరువుతో వచ్చేవాడికి ఆగడం కుదరదు.

మూర_బార:

కన్నడం గురించి బెంగ వద్దండీ. అక్కడ అమ్మేవాళ్ళలో చాలామంది తెలుగు, తమిళం రెండూ మాట్లాడతారు. పూలు కోలారు, చిక్కబళ్ళాపురం, హోసూరు వైపుల నుంచి వస్తాయి, మన కుప్పం వైపు నుంచి కూడా. తెలుగులో అడిగినా బేరం ఆగదు. అయినా నాలుగు మాటలు వినపడితే గుర్తుపట్టండి. సేవంతిగె అంటే చేమంతి, చెండుహూవు అంటే బంతి, సుగంధరాజ అంటే మన లిల్లీ పూలు, తావరె అంటే తామర. 'బిడి హూవు' అంటే విడిపూలు. మన మూర వాళ్ళకు 'మొళ', మన బార వాళ్ళకు 'మారు'.

ఏది ఎలా కొనాలంటే: బంతి, చేమంతి, గులాబీ విడిగా కిలోలెక్కన. కట్టిన మల్లె, కనకాంబరం మూరలెక్కన. బావిలో కూర్చున్న పెద్ద వ్యాపారులు పావుకిలో అంటే మొహం తిప్పుకుంటారు, కిలో అంటే పలుకుతారు. మూరల పూలకు లోపల వెతకడం దండగ. భవనం బయట, మెట్ల పక్కన బుట్టలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళ దగ్గర తీసుకోండి.

మూర అంటే మోచేతి కొస నుంచి నడివేలి కొస దాకా, సుమారు అడుగున్నర. నాలుగు మూరలు ఒక బార. ఇక్కడ మోసం అనను గానీ, చేతివాటం ఉంటుంది. కొలిచేటప్పుడు దండ మోచేతి కొసన మొదలైందా, రెండు వేళ్ళు ముందుకు జరిగి మొదలైందా చూడండి. రెండు వేళ్ళంటే అంగుళంన్నర. నాలుగు మూరలకు ఆరంగుళాలు, అంటే మూరలో మూడో వంతు పోయినట్టే. దానికన్నా ముఖ్యం కట్టు. దండను రెండు చేతుల మధ్య లాగి పట్టుకోమనండి. ముడికీ ముడికీ మధ్య దారం కనపడిందంటే ఆ మూర చవకైనా ఖరీదే.

మల్లెలో రెండు పరీక్షలు. మల్లెమొగ్గ తెల్లారగట్ల కోస్తారు, సాయంత్రానికి విచ్చుతుంది. పొద్దున ఏడింటికే విచ్చుకుని ఉన్నా, రెక్క కొసలు పసుపు తిరిగినా అది నిన్నటి పువ్వు. రెండోది కాగడా. మొగ్గ సన్నగా, కొస సూదిగా ఉంటుంది, మల్లెకన్నా తెల్లగా మెరుస్తుంది, వాసన అంతంతమాత్రం. మల్లెమొగ్గ గుండ్రంగా బొద్దుగా ఉంటుంది. కాగడా చెడ్డ పువ్వేం కాదు, చలికాలంలో మల్లె దొరకనప్పుడు అదే దిక్కు. మల్లె ధరకు కాగడా కొనకుండా ఉంటే చాలు. రెండూ కలిపి కట్టిన దండలు కూడా కనపడతాయి, ఒక మూరంతా చూసుకుని తీసుకోండి.

బంతిపువ్వును తలకిందులు చేసి తొడిమ దగ్గరి పచ్చటి గిన్నె చూడాలి. ఆకుపచ్చగా, నొక్కితే గట్టిగా ఉంటే తాజాది. గోధుమరంగు తిరిగి మెత్తబడితే పైన రెక్కలు ఎంత నిగనిగలాడినా రేపటికి రాలిపోతుంది. రాశి పైన చూసి ఊరుకోవద్దు, చెయ్యి లోపలికి పెట్టండి. నీళ్ళు ఎక్కువ చల్లిన రాశి అడుగున వెచ్చగా, జిగటగా తగులుతుంది. ఆ నీళ్ళు తూకంలో మీరు కొంటారు, ఇంటికెళ్ళేలోపు కుళ్ళు ఊరికే వస్తుంది.

నీలం చేమంతులు రంగులో ముంచినవి. దేవుడి పటానికి వేస్తే తడి తగిలిన చోటల్లా రంగు దిగుతుంది.

లెక్క చెప్తాను. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గుమ్మానికి మూడు వైపులా కలిపి పదిహేడు అడుగులు. పెద్ద బంతి కిలోకు వంద పైచిలుకు వస్తాయి, పువ్వు మీద పువ్వు దగ్గరగా గుచ్చితే సుమారు పదడుగులు. అంటే రెండు కిలోలు తీసుకుంటే గుమ్మానికి సరిపోయి పూజకు గుప్పెడు మిగులుతాయి. మధ్యమధ్య మామిడాకు వేస్తే కిలోన్నర చాలు. ఆకు మీ ఊళ్ళోనే కోసుకోండి, ఇక్కడి నుంచి మోయకండి.

ధరలు అడగలేదు, మంచి పని చేశారు. అవి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. వరలక్ష్మీ వ్రతం, ఆయుధపూజ, ఉగాది ముందు రెండు రోజులు అయితే చెప్పక్కర్లేదు. ఆషాఢంలో, పితృపక్షంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి దిగుతాయి. మీరొచ్చేది శుక్రవారం గనక కాస్త ఎక్కువే అనుకుని రండి.

పెన్నేటి_గట్టు:

చాలా సంతోషమండీ ఇద్దరికీ. ఇప్పుడు అసలు చిక్కు. పొద్దున ఎనిమిదింటికి కొంటే బస్సు 2కి, ఇంటికి చేరేసరికి సాయంత్రం ఆరున్నర, ఏడు. వ్రతం మర్నాడు. అంతసేపు మల్లెలు నిలుస్తాయా? నీళ్ళు చల్లుతూ ఉంటే సరిపోతుందా?

తడిగుడ్డ:

నీళ్ళు చల్లడమే తప్పు. అందరూ చేసేదీ అదే.

కోసిన పువ్వు కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, ఆ పనిలో వేడి పుడుతుంది. ప్లాస్టిక్ సంచిలో కుక్కి మూతి కడితే ఆ వేడి బయటికి పోదు, లోపల ఆవిరి పట్టి ఉడికిపోతుంది. దానికి మీరు చల్లిన నీళ్ళు తోడైతే రెక్కల మొదట్లో నల్లబడటం మొదలవుతుంది. ఎండకు వాడిన పువ్వు కాస్త తడి తగిలితే తేరుకుంటుందేమో గానీ ఉడికిన పువ్వు తేరుకోదు.

బంతికి: రెండు కిలోలకు గుడ్డసంచి కన్నా అట్టపెట్టె మేలు. పక్కలకు బొటనవేలు దూరేంత చిల్లులు నాలుగైదు పెట్టండి. అడుగున పొడి పేపరు వేసి, పూలు జానెడు ఎత్తుకు మించకుండా పరవండి. తడిగా ఉంటే పెట్టెలో వేయడానికి ముందు పేపరు మీద పది నిమిషాలు ఆరబెట్టాలి. పైన బరువు పెట్టొద్దు.

మల్లెకు: నూలుగుడ్డ తడిపి, చుక్క కారనంత గట్టిగా పిండి, అందులో దండను వదులుగా చుట్టండి. పైన అరటాకు. అమ్మేవాళ్ళ దగ్గర అరటాకు ముక్క ఉంటుంది, అడిగితే ఇస్తారు. ప్లాస్టిక్ కవరు మీద కవరు వేయించుకోకండి. ఈ పొట్లం బంతి పెట్టెలో పెట్టొద్దు, విడిగా చేతిసంచిలో ఉండాలి. ఐసు ముక్కలు పెట్టేవాళ్ళున్నారు. ఐసు తగిలిన చోట మొగ్గ గాజులా మారి తరవాత నల్లబడుతుంది.

బస్సులో డిక్కీలో వేయకండి, అక్కడ కొలిమి. సీటు కింద కూడా కొన్ని బస్సుల్లో వేడి తగులుతుంది. పైన సామాను పెట్టుకునే అరలో, ఏసీ గాలి మరీ సూటిగా కొట్టని చోట పెట్టండి. ఇంటికి రాగానే మల్లెను స్టీలు డబ్బాలో అదే తడిగుడ్డతో ఫ్రిజ్ కింది అరలో పెడితే మర్నాటి పూజకు వాసనతో సహా ఉంటుంది. ఫ్రీజర్ కింద ఉండే పై అర వద్దు. బంతికి ఫ్రిజ్ అక్కర్లేదు, చల్లటి గచ్చు మీద పలచగా పరిచి పొద్దున్నే గుచ్చుకోండి.

ఇక వేళ సంగతి. రెండూ ఒకేసారి కొనొద్దు. మంచి మల్లె ఎనిమిదికల్లా అయిపోతుంది, అది ముందే తీసుకోండి, చిన్న పొట్లమే కాబట్టి మోయడం కష్టం కాదు. బంతి మాత్రం టిప్పు భవనం చూసి తిరిగొచ్చి తొమ్మిదిన్నర, పదికి తీసుకోండి. బంతి అంత త్వరగా అయిపోదు, ఆపాటికి రద్దీ పలచబడి ధర కూడా కాస్త మెత్తబడుతుంది.

తామరమొగ్గలు చూసి మనసు లాగుతుంది, జాగ్రత్త. కోసిన మొగ్గ ఇంటికెళ్ళాక తనంతట తాను సరిగా విచ్చదు. రెక్కలు చేత్తో మడిచి పెట్టాలి. అది కూడా పూజకు కూర్చునే ముందే, మడత పెట్టిన చోట నల్ల గీత పడకముందే.

వెలుగు_నీడ:

ఫోటోల గురించి ఎవరూ చెప్పలేదు. చిక్కపేట_సందు గారు చెప్పిన పై నడవాయే సరైన చోటు. నేరుగా కిందికి వంచి తీస్తే పూలరాశులు గుండ్రటి ముద్దల్లా, మనుషులు చుక్కల్లా కనపడి బాగుంటాయి. ఫోను మణికట్టుకు తాడుతో కట్టుకోండి. జారితే పడేది ఎవరి చేమంతిలోనో కాదు, ఎవరి నెత్తి మీదో.

కెమెరా తప్పంతా పసుపు, నారింజ రంగుల దగ్గరే. ఫోను మొత్తం చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది, దాంతో బంతి రాశి రెక్కలు లేని పసుపు ముద్దగా వస్తుంది. తెర మీద బంతిని నొక్కి, వెలుతురు గీతను కిందికి దించండి, రెక్కలు విడివిడిగా కనపడేదాకా. చుట్టుపక్కల నల్లగా పోతే పోనీ. రాశుల మీద వేలాడే బల్బుల రంగు ఒకటి, పైనుంచి వచ్చే పగటి వెలుతురు ఇంకొకటి. ఏడున్నర తరవాత పగటిది గెలుస్తుంది, అప్పుడు రంగులు నిజంగా వస్తాయి. ఫ్లాష్ వెలిగించొద్దు.

మనిషి మొహం దగ్గరగా తీయాలంటే అడగండి. ఫోను చూపించి తల ఊపితే చాలు, సగంమంది సరే అంటారు. తూకం వేస్తున్నప్పుడు, డబ్బు లెక్కపెడుతున్నప్పుడు అడక్కండి. పూలు తొక్కుకుంటూ రాశి మధ్యకు వెళ్ళి రీలు తీసేవాళ్ళను చూసి చూసి వాళ్ళకు విసుగొచ్చింది. ఆ విసుగు మీ మీద పడకుండా చూసుకోండి.

కోట_మూల:

టిప్పు భవనం గురించి నేను పూర్తి చేస్తాను. మార్కెట్ నుంచి మళ్ళీ మెట్రో వైపే నడవాలి, స్టేషన్‌కు దగ్గర్లోనే ఉంది. పురావస్తు శాఖ టికెట్టు, ఎనిమిదిన్నరకు తెరుస్తారు. హైదర్ అలీ 1781లో మొదలుపెడితే టిప్పు 1791లో పూర్తిచేశాడు. స్తంభాలు, కమానులు, బాల్కనీలు అన్నీ టేకు. చిన్న కట్టడం, ముప్పావుగంటలో అయిపోతుంది. పక్కనే కోటె వేంకటరమణస్వామి గుడి. పెద్దావిడ కాసేపు కూర్చోవడానికి మార్కెట్ కన్నా అది వెయ్యి రెట్లు నయం, మీరు బంతికి వెళ్ళొచ్చేదాకా ఆవిడను అక్కడే ఉంచండి. ఆ రోడ్డులోనే బెంగళూరు కోటలో మిగిలిన ముక్క, ఢిల్లీ గేటు ఉంది. 1791లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ సేన పట్టుకున్న కోట ఇదే.

మూర_బార గారి మాటకు ఒక చిన్న చేర్పు. చైత్ర పున్నమి దగ్గర్లో వచ్చేవాళ్ళు మల్లె ధర చూసి ఉలిక్కిపడొద్దు. ఆ పున్నమి రాత్రి తిగళర పేట ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ, అంటే నెత్తిన మోసే అమ్మవారి కలశం ఊరేగింపు, బయల్దేరుతుంది. ద్రౌపదమ్మ కరగాన్ని మోసే పూజారి ఒంటి నిండా మల్లెలే, కరగం మీద గోపురంలా పేర్చేదీ మల్లెలే. దారి పొడవునా జనం చల్లేవీ అవే. ఆ రాత్రి మార్కెట్ చుట్టుపక్కల వీధులన్నీ నిండిపోతాయి. అది చూడటానికే వచ్చే పనైతే సరే, పూలు కొనుక్కుని వెళ్దామంటే మాత్రం ఆ రెండు రోజులు మానుకోండి.

ఇంకొకటి: ఆదివారం వచ్చేవాళ్ళు మెట్రో 7 గంటలకు గానీ మొదలవదని గుర్తుంచుకోండి, పొద్దున వేళ ఆటోయే గతి.

పెన్నేటి_గట్టు:

రాసుకున్నాను. 6కి మెట్రో, ముందు పై నడవా, కింద ఒక చుట్టు, ఎనిమిదిలోపు మల్లె ఆరు మూరలు, టిఫిను, టిప్పు భవనం, అమ్మను గుడి దగ్గర కూర్చోబెట్టి తిరిగి బంతి రెండు కిలోలు. అట్టపెట్టె, నూలుగుడ్డ ఇంటి నుంచే తెస్తాం. ఏమైనా మరిచిపోయానా?

మూర_బార:

చెప్పులు. నేలంతా తడి, ఆకులు, నలిగిన పూలు, అరటిపండు తొక్క మీద నడిచినట్టే ఉంటుంది. అడుగున గాట్లున్న బూట్లు వేసుకోండి, పెద్దావిడకు మరీ ముఖ్యం. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి కట్టుకోమనండి. తెల్లబట్టలు వద్దు, నలిగిన బంతి మరక పడితే సబ్బుకు పోదు. చిల్లర పది, ఇరవై నోట్లు పైజేబులో వేరుగా పెట్టుకోండి. ఫోన్లో కట్టొచ్చు గానీ ఆ గుంపులో ఫోనో పర్సో తీసి నిలబడటమే జేబుదొంగకు పిలుపు.

ఆరు మూరలు కాదు, ఒకటిన్నర బార అనండి. బారల్లో అడిగితే ఎప్పుడూ కొనేవాళ్ళనుకుంటారు.